రావ్1డ్ బౌంటీ: వేగానికి వెల కట్టిన ఒక పోటీపై సమీక్ష

2025 మే నెలలో ప్రాసిమో అనే ప్రాజెక్టు ఒక బహుమతిని ప్రకటించింది. రావ్1డ్ అనే వీడియో డీకోడర్ తన మాతృక అయిన డావ్1డ్ కంటే దాదాపు 5 శాతం నెమ్మదిగా నడుస్తోందని, ఆ తేడాను పూడ్చిన వారికి 20,000 డాలర్లు ఇస్తామని ఆ ప్రకటన సారాంశం. అప్పటి మారకపు ధరలో అది సుమారు 17 లక్షల రూపాయలు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను వేగవంతం చేయడానికి బహుమతి డబ్బు ఎంతవరకు పనికొస్తుందో తెలుసుకోవాలంటే ఇంత స్పష్టమైన ఉదాహరణ మరొకటి నాకు కనిపించలేదు. కొత్తగా కొన్న వస్తువును అటూ ఇటూ తిప్పి చూసినట్టే ఈ పోటీని, దాని నిబంధనలను, అది కోరిన పనిని దగ్గరగా చూసి ఈ సమీక్ష రాస్తున్నాను. హైదరాబాదులో కూర్చుని చాలా ఏళ్లుగా ఇలాంటి కోడ్‌తోనే బతుకుతున్నవాడిని కనుక ఈ విషయం మీద నాకు పట్టింపు ఎక్కువే.

ముందుగా ఈ పేర్ల సంగతి చెప్పాలి. ఏవీ1 అన్నది అలయన్స్ ఫర్ ఓపెన్ మీడియా అనే కూటమి 2018లో ఖరారు చేసిన వీడియో ఫార్మాట్. రాయల్టీ కట్టనవసరం లేకుండా ఎవరైనా వాడుకోవచ్చు. ఆ ఫార్మాట్‌లో కుదించిన వీడియోను మళ్లీ బొమ్మలుగా విప్పే ప్రోగ్రామే డావ్1డ్. దీన్ని వీఎల్‌సీ ప్లేయర్‌ను తయారు చేసిన వీడియోలాన్ బృందం సీ భాషలోను, ప్రాసెసర్ ఆదేశాలకు అతి దగ్గరగా ఉండే అసెంబ్లీ భాషలోను రాసింది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లు దీన్నే వాడుతున్నాయి. 2024లో గూగుల్ దీన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు సిస్టమ్ అప్‌డేట్ ద్వారా పంపింది. ఏవీ1 విప్పే ప్రత్యేకమైన చిప్ లేని చవక ఫోన్‌లో ఆ పని మొత్తం ప్రాసెసర్ మీద పడుతుంది. పల్లెవెలుగు బస్సులో కూర్చుని పాత ఫోన్‌లో పాటలు చూసే మనిషికి బ్యాటరీ ఇంటికి చేరేదాకా వస్తుందా రాదా అన్నది ఇలాంటి డీకోడర్ ఎంత పొదుపుగా పని చేస్తుందన్న దానిపై చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఆ చోట 5 శాతం చిన్న లెక్క కాదు.

మరి అంత వేగంగా నడిచే డావ్1డ్ ఉండగా నెమ్మదిగా నడిచే రావ్1డ్ ఎందుకు పుట్టిందన్న ప్రశ్న సహజం. సీ భాషలో రాసిన డీకోడర్లకు ఒక పాత రోగం ఉంది. బయటినుంచి వచ్చిన ఫైలును చదువుతూ, తనకు కేటాయించిన మెమరీ హద్దు దాటి రాసేసే ప్రమాదం వాటికి ఎప్పుడూ పొంచి ఉంటుంది. 2023 సెప్టెంబరులో లిబ్‌వెబ్‌పీ అనే బొమ్మల డీకోడర్‌లో అలాంటి లోపమే బయటపడి, ప్రధాన బ్రౌజర్లన్నీ హడావిడిగా అప్‌డేట్లు విడుదల చేయాల్సి వచ్చింది. ఎంతో జాగ్రత్తగా రాసిన డావ్1డ్‌లో కూడా 2024లో, చాలా పెద్ద ఫ్రేముల విషయంలో, ఒక లోపం దొరికింది. రస్ట్ భాష ఈ రకం తప్పులను చాలావరకు కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ దగ్గరే ఆపేస్తుంది, మిగిలినవాటిని ప్రోగ్రామ్ నడిచేటప్పుడు హద్దులు చూసి పట్టుకుంటుంది. ఇమ్యునాంట్ అనే సంస్థ డావ్1డ్‌లోని సీ కోడ్‌ను సీ2రస్ట్ అనే సాధనంతో ముందు యాంత్రికంగా రస్ట్‌లోకి మార్చి, ఆ తరువాత చేత్తో శుభ్రపరిచి రావ్1డ్‌ను తయారు చేసింది. ఖర్చు భరించింది ప్రాసిమో. ఇది వెబ్‌సైట్లకు ఉచిత భద్రతా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్‌ను నడిపే ఇంటర్నెట్ సెక్యూరిటీ రీసెర్చ్ గ్రూప్ అనే లాభాపేక్ష లేని సంస్థకు చెందిన ప్రాజెక్టు. అంటే భద్రత దక్కింది, దానికి చెల్లించిన మూల్యమే ఆ 5 శాతం. వేగం తగ్గిందన్న కారణంతో బ్రౌజర్లు ముందుకు రాకపోతే భద్రత కోసం పడిన శ్రమ అలమారాలోనే ఉండిపోతుంది కనుక, ఆ చివరి మెట్టు ఎక్కడానికి బహుమతి పెట్టారు.

ఈ పోటీలో నాకు మొదట నచ్చింది ఎంచుకున్న పని. డీకోడర్‌కు ఒక గొప్ప సౌలభ్యం ఉంది. ఇచ్చిన ఫైలును విప్పితే రావలసిన ఫలితాన్ని ఫార్మాట్ నిర్వచనమే నిర్ణయిస్తుంది కనుక, రెండు ప్రోగ్రాముల ఫలితాలను పోల్చి చూస్తే ఒక్క పిక్సెల్ తేడా వచ్చినా పట్టుబడుతుంది. ఇక వేగాన్ని గడియారం చెబుతుంది. సరిగ్గా ఉందా, త్వరగా ఉందా అన్న రెండు ప్రశ్నలకూ యంత్రమే జవాబు చెప్పగలిగిన చోట న్యాయనిర్ణేత అభిప్రాయంతో పని ఉండదు, పోటీదారుడు తన ఇంట్లోనే తన మార్కులు లెక్కించుకోగలడు. ఈ లక్షణం లేని పనికి వేగం బహుమతి పెడితే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. పేరు చెప్పనవసరం లేని ఒక కంపెనీలో నేను పనిచేసే రోజుల్లో, నివేదికలు తయారు చేసే ఒక ప్రోగ్రామ్‌ను వేగవంతం చేసిన వారికి బహుమతి అని లోపల పోటీ పెట్టారు. ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లు కొలిచి స్క్రీన్‌షాట్ పంపితే చాలన్నారు. గెలిచిన కోడ్‌లో ఖాళీ వరుసలను పరిశీలించే ఒక తనిఖీని తీసేశారని రెండు వారాల తరువాత, ఒక శాఖ మొత్తాలు తప్పుగా వస్తున్నాయని ఫిర్యాదు వచ్చాక గానీ ఎవరికీ తెలియలేదు. అప్పటికే జ్ఞాపిక ఇచ్చేశారు, ఫొటోలు తీసేశారు. ఆ కోడ్‌ను వెనక్కి తీసి పాతదాన్ని మళ్లీ పెట్టే పని నా మీద పడింది. ఆ రాత్రి నుంచి, కొలత పక్కాగా లేని చోట వేగానికి డబ్బు ఆశ చూపడం ప్రమాదమన్న అభిప్రాయం నాలో బలంగా నాటుకుపోయింది.

రెండో మంచి నిబంధన అసెంబ్లీ భాగాన్ని ముట్టుకోకూడదన్నది. డావ్1డ్, రావ్1డ్ రెండూ చేత్తో రాసిన ఒకే అసెంబ్లీ కోడ్‌ను పంచుకుంటాయి. దాన్ని మెరుగుపరిచి గెలిస్తే రెండూ కలిసే ముందుకు జరుగుతాయి, తేడా మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి రస్ట్ కోడ్‌లోనో, రస్ట్ కంపైలర్‌లోనో, రస్ట్‌కు అసెంబ్లీకి మధ్యనున్న అతుకుల దగ్గరో మాత్రమే మెరుగుదల వెతకాలన్నారు. కంపైలర్‌ను కూడా పరిధిలో చేర్చడం దూరదృష్టితో చేసిన పని అని నా అభిప్రాయం. అక్కడ ఒక చిన్న మార్పు నిలబడితే రావ్1డ్ ఒక్కటే కాక రస్ట్‌లో రాసిన ఎన్నో ప్రోగ్రాములు లాభపడతాయి.

నిబంధనలు చదివి ఊరుకోకుండా రెండు ప్రోగ్రాములనూ నా యంత్రంలో సోర్స్ కోడ్ నుంచి తయారు చేసుకుని నడిపి చూశాను. నెట్‌ఫ్లిక్స్ విడుదల చేసిన కిమెరా అనే పరీక్ష వీడియోను ఒకదాని తరువాత ఒకటిగా, ఒక్కొక్కదానితో పదేసి సార్లు విప్పించాను. మొదటి రోజు వచ్చిన అంకెలు చూసి నేను వాటిని నమ్మలేదు. మధ్యాహ్నం రెండు గంటలకు, ఫ్యాను మాత్రమే తిరిగే గదిలో, ల్యాప్‌టాప్ వేడెక్కి ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకోవడం వల్ల, ఒకే ప్రోగ్రామ్ మొదటి పరుగుకు పదో పరుగుకు మధ్య తేడా నేను కొలవదలచిన 5 శాతం కంటే పెద్దదిగా వచ్చింది. రెండో రోజు తెల్లవారుజామున, చార్జర్ పెట్టి, బ్రౌజర్‌తో సహా మిగిలినవన్నీ మూసేసి, ప్రతి పరుగుకు ముందు కొంత విరామం ఇచ్చి, రెండు ప్రోగ్రాములనూ మార్చి మార్చి నడిపితే అంకెలు కుదుటపడ్డాయి. అప్పుడు రావ్1డ్ వెనకబాటు పరుగు పరుగుకూ ఒకే తీరుగా కనిపించింది. అరశాతం, ఒక శాతం మెరుగుదలల కోసం పోటీ పడేవాళ్లకు కొలత నేర్చుకోవడమే సగం చదువు. ఆ చదువు చెప్పే వివరణ ఏ పోటీ ప్రకటనలోనైనా ఒక పేజీ ఉంటే కొత్తవాళ్లకు ఎంతో మేలు జరుగుతుంది.

ప్రకటన వచ్చిన కొద్ది రోజులకే ఒక డెవలపర్ తాను సాధించిన మెరుగుదలలను వివరంగా బయటపెట్టారు. ఈ పోటీ ఎలాంటి పనిని బయటికి రాబట్టిందో చెప్పడానికి అదే మంచి సాక్ష్యం. ఎం3 చిప్ ఉన్న మ్యాక్‌బుక్‌లో ఆ పరీక్ష వీడియోకే డావ్1డ్ 68 సెకన్లు, రావ్1డ్ 74 సెకన్లు తీసుకుంటున్నాయి, అంటే ఆ యంత్రంలో తేడా ప్రకటనలో చెప్పిన 5 శాతం కంటే ఎక్కువే. రెండింటినీ ప్రొఫైలర్ కింద నడిపి, ఏ ఫంక్షన్‌లో ఎంతసేపు గడుస్తోందో పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక వడపోత ఫంక్షన్ దగ్గర రస్ట్ వైపు అదనపు సమయం కనిపించింది. కారణం కొన్ని వందల బైట్ల తాత్కాలిక బఫర్, అంటే పని మధ్యలో వాడుకునే కొంత మెమరీ. సీ భాషలో ఆ బఫర్‌ను ప్రకటించి వదిలేస్తారు, అందులో ఏ చెత్త ఉన్నా వెంటనే అసెంబ్లీ కోడ్ దాన్ని నింపేస్తుంది. రస్ట్‌లో మాత్రం పద్ధతి ప్రకారం ముందు దాన్ని సున్నాలతో నింపారు. రేపు టైల్స్ అతికించబోయే గోడకు ఈరోజు సున్నం కొట్టినట్టు, ఆ ఫంక్షన్ పిలిచిన ప్రతిసారీ ఆ పని జరిగేది. దాన్ని తప్పించగానే 1.2 సెకన్లు మిగిలాయి. రెండోది ఇంకా చిన్నది. చలనాన్ని సూచించే రెండు 16 బిట్ల అంకెలను రస్ట్ విడివిడిగా పోలుస్తోంది, వాటిని కలిపి ఒకే 32 బిట్ల ముద్దగా పోల్చేలా మారిస్తే మరో అర సెకను తగ్గింది. ఆరు సెకన్ల తేడాలో నాలుగో వంతుకు పైగా ఈ రెండు మార్పులతోనే పోయింది.

ఇన్నాళ్లూ ఎవరూ చూడని ఈ రెండు చోట్లనూ చూసేలా చేసింది ఏమిటని ఆలోచిస్తే, నాకు డబ్బు కంటే ముందు ఆ 5 శాతం అనే అంకె కనిపిస్తుంది. ఇదిగో ఇంత తేడా ఉంది, పక్కనే వేగంగా నడిచే మాతృక ఉంది, ఒకే పనిని రెండూ చేస్తాయి అని చెప్పినప్పుడు, వెతకడానికి ఒక పటం చేతికి ఇచ్చినట్టయింది. డబ్బు ఆ పటాన్ని పదిమందికీ చేరవేసింది. ఈ మాట నేను తేలిగ్గా అనడం లేదు, ఎందుకంటే డబ్బే లేని పోటీ ఒకటి ఇంతకంటే ఎక్కువమందిని కదిలించింది. 2024 జనవరిలో గున్నార్ మోర్లింగ్ అనే జావా ఇంజనీరు వంద కోట్ల వరుసల సవాలు విసిరారు. వాతావరణ కేంద్రాల ఉష్ణోగ్రతలున్న వంద కోట్ల వరుసల ఫైలును చదివి ప్రతి కేంద్రానికి కనిష్ఠ, సగటు, గరిష్ఠ విలువలు చెప్పాలి. బహుమతి ఒక టీషర్టు, ఒక కాఫీ మగ్గు. నమూనాగా ఇచ్చిన ప్రోగ్రామ్ ఎనిమిది కోర్ల మీద 4 నిమిషాల 49 సెకన్లు తీసుకుంటే, గెలిచిన ప్రోగ్రామ్ ఒకటిన్నర సెకనులో ముగించింది. ఎందరో జావా ప్రోగ్రామర్లు తమ భాషలో ఇంత వేగం దాగి ఉందని ఆ నెలలోనే తెలుసుకున్నారు.

అయితే ఆ కోడ్ ఎక్కడుంది? ఆ ఒక్క ఫైలు కోసం, ఆ ఒక్క యంత్రం కోసం చెక్కిన కోడ్ అది. భద్రతా తనిఖీలను పక్కన పెట్టి, ఇన్‌పుట్ ఎప్పుడూ సరిగ్గానే ఉంటుందని నమ్మి రాసిన దాన్ని ఎవరూ తమ లైబ్రరీలో పెట్టుకోలేరు, పెట్టుకోకూడదు కూడా. జ్ఞానం పంచింది, అందుకు దానికి నా నమస్కారం. రావ్1డ్ పోటీలో మాత్రం, వచ్చిన మెరుగుదల నేరుగా జనం వాడేందుకు ఉద్దేశించిన ప్రోగ్రామ్‌లోకే వెళుతుంది, ప్రాజెక్టు బాగోగులు చూసే మెయింటైనర్ల పరిశీలన దాటాల్సిందే కనుక భద్రతను తాకట్టు పెట్టి వేగం కొనుక్కునే దారి మూసుకుపోతుంది. వేగం పోటీకి డబ్బు పెట్టదలచిన సంస్థ ఏదైనా నన్ను సలహా అడిగితే, ఈ రెండో నమూనానే ఎంచుకోమంటాను.

ఇక లోపాలు. మొదటిది చెల్లింపు పద్ధతి. మొత్తం తేడాను పూడ్చడమే లక్ష్యంగా ఒకే మొత్తాన్ని పెట్టి, అది ఒకరికో, సహకరించిన కొందరికి పంచో ఇస్తామన్నారు. సగం దూరం తెచ్చినవాడి గతి ఏమిటి? మొదటి ఒక శాతం తేలిక, చివరి ఒక శాతం ఎముకలు విరిచే పని. చివరికి గీత దాటేదాకా ఎవరికీ ఏమీ రాదన్న భయం ఉంటే, ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు పని చేసే మనిషి మొదలుపెట్టడానికే వెనకాడతాడు. ఈ విషయంలో మార్కస్ హట్టర్ 2006 నుంచి నడుపుతున్న హట్టర్ ప్రైజ్ ఎంతో తెలివైన ఏర్పాటు. వికీపీడియా పాఠాన్ని వీలైనంత చిన్నదిగా కుదించాలి. 50,000 యూరోలతో మొదలైన నిధి 2020లో 5 లక్షల యూరోలకు, 10 కోట్ల బైట్ల ఫైలు 100 కోట్ల బైట్లకు పెరిగాయి. పాత రికార్డును కనీసం ఒక శాతం మెరుగుపరిచిన ప్రతివారికీ, ఎంత శాతం మెరుగుపరిస్తే నిధిలో అంత శాతం దక్కుతుంది. అంటే ఒక శాతానికి 5,000 యూరోలు. గెలిచినవారి కోడ్ బహిరంగంగా విడుదల కావాలి కనుక తరువాతి వారు దాని మీదే కట్టుకుంటూ పోతారు. పైకి అది పరిమాణం పోటీలా కనిపించినా, ఒకే కోర్ మీద దాదాపు 50 గంటల్లో పని ముగియాలన్న షరతు వల్ల అది వేగం పోటీ కూడా. అంతకుముందే ఉన్న సీమిక్స్ అనే ప్రోగ్రామ్‌ను వేగవంతం చేసి ఆ గడువులోకి తెచ్చిన వ్యక్తి 2023లో ఈ బహుమతి గెలిచారు. మెట్టు మెట్టుకూ చెల్లించే ఈ పద్ధతిని రావ్1డ్ లాంటి పోటీలు అరువు తెచ్చుకుంటే బాగుంటుంది.

రెండో లోపం నన్ను ఎక్కువగా బాధించేది. పోటీదారులు పంపే ప్రతి మార్పునూ ఎవరో చదవాలి. బహుమతి అనగానే సత్తా ఉన్నవాళ్లతో పాటు, అర్థం కాని మార్పును అదృష్టం పరీక్షించుకోవడానికి పంపేవాళ్లూ వస్తారు. నేను ఒక చిన్న లైబ్రరీకి మెయింటైనర్‌గా ఉన్నాను. ఎవరో చేర్చమని పంపిన రెండు వందల వరుసల పుల్ రిక్వెస్ట్‌ను నిజాయితీగా చదివి, నడిపించి, మర్యాదగా తిరస్కరించడానికి ఒక ఆదివారం మొత్తం పట్టిన రోజులు నాకు ఉన్నాయి. వేగం కోసం మెలితిప్పిన కోడ్‌ను చదవడం ఇంకా కష్టం. బహుమతి రాసినవాడికి వెళుతుంది, చదివినవాడికి అలసట మిగులుతుంది. బహుమతి మొత్తంలో కనీసం మూడో వంతు పరిశీలించేవారి జీతంగా పక్కన పెట్టని వేగం పోటీని నేను పూర్తి మనసుతో సిఫారసు చేయలేను.

మూడోది మనకు నేరుగా తగిలేది. ఈ పోటీలో పాల్గొనే అర్హత అమెరికా, బ్రిటన్, యూరోపియన్ యూనియన్, యూరోపియన్ ఎకనామిక్ ఏరియా, స్విట్జర్లాండ్, కెనడా, న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల పౌరులకు, అక్కడి చట్టబద్ధ నివాసులకు మాత్రమే ఇచ్చారు. డల్లాస్‌లో ఉండే తెలుగు ఇంజనీరు పాల్గొనవచ్చు, అదే కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చుని చదివి గచ్చిబౌలిలో ఉండిపోయిన స్నేహితురాలు పాల్గొనకూడదు. బహుమతి పోటీల చట్టాలు, పన్నుల నిబంధనలు దేశానికొక తీరుగా ఉంటాయని, ఒక చిన్న లాభాపేక్ష లేని సంస్థ అన్నిటినీ మోయలేదని నాకు అర్థమవుతుంది. అయినా కోడ్ ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా మార్చి పంపవచ్చు, డబ్బు మాత్రం కొందరికే అన్నప్పుడు ఓపెన్ సోర్స్ అనే మాటలోని మొదటి పదం కొంత చిన్నబోతుంది. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ ఏళ్ల తరబడి మన విద్యార్థులకు ఇక్కడికే డబ్బు పంపుతోంది కనుక ఇది చేయలేని పనేమీ కాదు. ఇటునుంచి అటు డబ్బు వెళ్లే దారి కూడా తెరుచుకుంది. స్టాక్ బ్రోకింగ్ సంస్థ జెరోధా 2024లో ప్రారంభించిన ఫ్లాస్ ఫండ్ ఏటా 10 లక్షల డాలర్లను, ఒక్కో ప్రాజెక్టుకు 10,000 నుంచి లక్ష డాలర్ల వరకు, ప్రపంచంలో ఏ మూల ఉన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకైనా ఇస్తానని ముందుకొచ్చింది. అది గ్రాంటు, పోటీ కాదు. అలాంటి నిధిలో ఒక చిన్న భాగంతో వేగం పోటీ ఒకటి మన దగ్గరే నడిపితే, అర్హుల జాబితాలో దేశాల పేర్లు రాయకుండా నడిపితే చూడాలని నాకు గట్టి కోరిక.

మొత్తం మీద రావ్1డ్ బౌంటీకి ఐదుకు మూడున్నర ఇస్తాను. పనిని ఎంచుకున్న తీరుకు, కొలత స్పష్టతకు, అసెంబ్లీని ముట్టుకోవద్దన్న నిబంధనకు పూర్తి మార్కులు. ఒకేసారి మొత్తం చెల్లించే పద్ధతికి ఒక అర, పరిశీలకులకు వాటా లేనందుకు ఒక అర, మన లాంటి దేశాలకు తలుపు మూసినందుకు మరో అర తగ్గించాను. డబ్బు రాకపోయినా నేర్చుకోవాలనుకునే వాళ్లకు ఒక్క మాట చెబుతాను. రెండు ప్రోగ్రాముల కోడూ అందరికీ అందుబాటులో ఉంది, పరీక్ష వీడియో ఉచితంగా దొరుకుతుంది, ప్రొఫైలర్ కూడా ఉచితమే. కొలిచేది మాత్రం తెల్లవారుజామున, గది చల్లగా ఉన్నప్పుడు కొలవండి.